మీకు తెలుసా? ముందు డిస్కు, వెనక డ్రమ్ము
బ్రేకు తొక్కగానే కారు బరువు ముందుకు ఒరిగి, వెనక చక్రాలు తేలికవుతాయి. పాత కారుకు వెనక కూడా గట్టి బ్రేకులు వేయిస్తే ఆ చక్రాలే ముందుగా పట్టేసి బండి గిర్రున తిరగొచ్చు. మన్ననూరు దాటి ఈగలపెంట ఘాట్‌లో కృష్ణా నది వైపు దిగేటప్పుడైతే ప్రాణాల మీదికే వస్తుంది!

అందుకే ముందు బ్రేకులే బలంగా ఉండాలి. ఉదాహరణకు, 1962లో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారుకు ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. దాని చట్రానికి మూలం హెరాల్డ్ కారు. మద్రాసులో తయారై మన రోడ్ల మీద తిరిగింది ఆ హెరాల్డే.

పాత కారుకు ముందు డిస్కులు వేయిస్తే ఇవి చూసుకోండి. డ్రమ్ములా డిస్కు తనంతట తాను బిగుసుకోదు, పెడల్ గట్టిగా తొక్కాలి. అందుకే తొక్కే బలాన్ని పెంచే బూస్టర్ పెట్టించుకుంటే మేలు. డ్రమ్ముల కోసం బ్రేకు లైన్‌లో ఒత్తిడి నిలిపే వాల్వు ఉంటే, డిస్కుల వైపు తీయించండి. లేదంటే ప్యాడ్లు ఊరికే రాసుకుంటూ వేడెక్కుతాయి. ఘాట్ ఎక్కకముందే ఖాళీ స్థలంలో, నెమ్మదిగా పోతూ తొక్కి చూడండి. ముందు చక్రాలే ముందుగా పట్టాలి.