వార్తల్లో పదం: వీల్‌బేస్

కొత్త కారు విడుదలైన ప్రతిసారీ ధర, మైలేజీల పక్కన కనిపించే అంకె ఇది. ముందు చక్రం కేంద్రం నుంచి వెనక చక్రం కేంద్రం దాకా ఉండే దూరమే వీల్‌బేస్. రెండు వరుసల సీట్లకూ కాళ్లకూ దొరికే చోటు చాలావరకు దీన్నిబట్టే ఉంటుంది.

వీల్‌బేస్ ఎంత ఉండాలన్నదానికి కారు పొడవే హద్దు. మన దేశంలో పొడవు 4 మీటర్లు, పెట్రోల్ ఇంజిన్ 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటని కార్లకు పన్ను తక్కువ. 2025 సెప్టెంబరు 22 నుంచి వీటిపై జీఎస్టీ 18 శాతం, అంతకు మించినవాటిపై 40 శాతం. ఇలాంటి పన్ను రాయితీ కోసమే కాంపాక్ట్ సెడాన్ మారుతి డిజైర్ పొడవు 3,995 మిల్లీమీటర్ల దగ్గర ఆగింది. దాని వీల్‌బేస్ 2,450. మధ్యతరహా సెడాన్ హ్యుందాయ్ వెర్నా 2023 మోడల్‌ది 2,670. తేడా 220 మిల్లీమీటర్లు, అంటే సుమారు జానెడు. వెనక కూర్చున్నవారి మోకాళ్లకు అది పెద్ద ఊరటే.

వెడల్పులో మాత్రం తేడా 30 మిల్లీమీటర్లే (1,735, 1,765). కాబట్టి వెనక ముగ్గురు కూర్చుంటే రెండింటిలోనూ భుజాలు రాసుకోక తప్పదు. సీటు కుషన్ పొట్టిగా ఉంటే తొడలకు ఆసరా దొరకదు. పైకప్పు వెనక్కి వాలితే పొడగరులకు తల తగులుతుంది. ఈ ఇబ్బందులేవీ వీల్‌బేస్ అంకెలో కనిపించవు.

షోరూమ్‌కు వెళ్లినప్పుడు ముందు సీటును బండి నడిపేవారికి తగ్గట్టు జరిపించి, దాని వెనకే పది నిమిషాలు కూర్చుని చూడండి. ఆ తర్వాతే అడ్వాన్సు కట్టండి.