కణంలో పొరలేని బొట్లు – క్యాన్సర్ మందుకు కొత్త గురి

చారుకు పోపు పెట్టగానే నూనె గుండ్రటి చుక్కలుగా పైకి తేలడం మీరు చూసే ఉంటారు. ఆ చుక్కల చుట్టూ ఏ పొరా లేదు. అయినా అవి చారులో కలిసిపోవు. ఒకదానికొకటి తగిలితే మాత్రం ఒక్కటైపోతాయి. పదార్థాలు ఇలా విడివడి వేరుగా నిలవడాన్ని శాస్త్రజ్ఞులు 'ప్రావస్థా విభజన' అంటారు.

మన కణాల్లోనూ ఇలాంటి బొట్లున్నాయి. కేంద్రకానికీ, మైటోకాండ్రియాలకూ త్వచాలుంటాయని మీరు చదువుకున్నారు కదా! కేంద్రకం లోపలుండే కేంద్రకాంశానికి మాత్రం త్వచం లేదు. అది లేకుండా ఇలాంటి భాగాలు ఎలా నిలుస్తాయి? 2009లో బ్రాంగ్విన్, హైమన్‌ల బృందం ఒక చిన్న పురుగు పిండకణాల్లో కొన్ని రేణువులు ద్రవబిందువుల్లాగే జారడం, కలిసిపోవడం గమనించింది. దానితో జవాబు దొరకసాగింది. ఈ బొట్లు సంత లాంటివి. కొనేవారూ అమ్మేవారూ ఒకచోట చేరితే బేరం త్వరగా తెగుతుంది. ప్రొటీన్లు గుమికూడితే వాటి మధ్య చర్యలూ అంతే.

ఒక రకం ఊపిరితిత్తుల క్యాన్సర్ ఈ సదుపాయాన్నే వాడుకుంటుంది. 2007లో జపాన్‌కు చెందిన హిరోయుకి మానో బృందం, కొందరి కణితుల్లో ఇ.ఎం.ఎల్.4, ఎ.ఎల్.కె. అనే రెండు జన్యువులు తెగి ఒకదానికొకటి అతుక్కుపోయాయని కనుగొంది. 'చిన్నకణేతర' ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్లో 100కు 3 నుంచి 5 మందిలో ఇది కనిపిస్తుంది. వీరిలో పొగతాగే అలవాటు లేనివారే ఎక్కువ.

మామూలుగా ఎ.ఎల్.కె. ప్రొటీన్ కణత్వచంలో ఉండి, బయటినుంచి కబురు అందినప్పుడే 'పెరుగు' అన్న సంకేతాన్ని లోపలికి పంపుతుంది. అతుకుపడిన ప్రొటీన్‌లో త్వచానికి అంటిపెట్టుకునే భాగం ఉండదు. అయితే అది కణద్రవ్యంలోనే రేణువులుగా గుమికూడి, తనకు కావలసిన ప్రొటీన్లను అక్కడికే లాక్కుని, ఏ కబురూ లేకుండానే సంకేతం పంపుతూ ఉంటుందని 2021లో కాలిఫోర్నియా పరిశోధకులు చూపారు. రేణువులు ఏర్పడకుండా ప్రొటీన్‌ను మార్చితే సంకేతం తగ్గిపోయింది.

ఎ.ఎల్.కె.ను అడ్డుకునే క్రైజోటినిబ్ అనే మందుకు 2011లో అమెరికాలో అనుమతి లభించింది. తర్వాత అలెక్టినిబ్, లోర్లాటినిబ్ వచ్చాయి. వీటితో కణితి కుంచించుకుపోతుంది. కాని కొన్ని కణాలు బతికిపోయి, వ్యాధి తిరగబెడుతుంది. ఎందుకని? 2024లో వెలువడిన ఒక పరిశోధన ఒక కారణం చూపింది. రేణువుల్లో చిక్కుకున్న సహాయక ప్రొటీన్లు మందు పనిచేయగానే విడుదలవుతాయి. అప్పుడు అంతవరకూ మందగించి ఉన్న ఇ.జి.ఎఫ్.ఆర్. అనే మరో ప్రొటీన్ మేల్కొని, కణాన్ని బతికిస్తుంది. ప్రయోగశాలలో రెండింటినీ ఒకేసారి అడ్డుకుంటే ఎక్కువ కణాలు చనిపోయాయి.

ఈ రేణువులనే చెదరగొట్టే మందు ఇంకా చికిత్సలోకి రాలేదు. ఇప్పుడున్న మందులైనా అన్ని కణితులపైనా పనిచేయవు. అందుకే మందు ఎంచుకునే ముందు కణితి జన్యువులను పరీక్షించడం తప్పనిసరి.