లైబ్రేరియన్లు నలుగురు కలిస్తే

మన వైపు ఊళ్లలో లైబ్రరీని ఒకరిద్దరే చూసుకుంటారు. పొద్దున తలుపు తీయాలి, పేపర్లు సర్దాలి, ఇచ్చిన పుస్తకాలు రాసుకోవాలి, సాయంత్రం తాళం వేయాలి. తన పని గురించి మాట్లాడుకోవడానికి అదే పని తెలిసిన మనిషి పక్కన ఉండరు. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే ఎవరికైనా విసుగు పుడుతుంది.

ఎస్.ఆర్. రంగనాథన్‌కే పుట్టింది. లెక్కలు చెప్పుకునే ఆయన 1924 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్‌గా చేరారు. కొన్నాళ్లకే ఒంటరితనం పట్టలేక, తిరిగి పాఠాలు చెప్పుకుంటానని అడిగారు. ముందు లండన్ వెళ్లి రండి, తర్వాత చూద్దాం అన్నారు పెద్దలు. అక్కడ క్రోయిడన్ లైబ్రేరియన్ బెర్విక్ సేయర్స్ సాయంతో ఎన్నో లైబ్రరీలు తిరిగి, అక్కడివాళ్లు పనిచేసే తీరు దగ్గరుండి చూశారు. 1925లో తిరిగొచ్చాక మళ్లీ పాఠాల ఊసెత్తలేదు. 1928లో మద్రాసు గ్రంథాలయ సంఘం, 1931లో ఐదు సూత్రాల పుస్తకం, 1948లో గ్రంథాలయ చట్టం, అన్నిటి వెనుకా ఆయన చెయ్యి ఉంది.

కలిసి కూర్చోవడంలోని బలం తెలుగువాళ్లు అంతకుముందే చూశారు. 1914 ఏప్రిల్ 10న అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో గ్రంథాలయాలవాళ్లు బెజవాడలో చేరారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షులు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం అక్కడే పుట్టింది. అది పెద్ద సభే. అయినా ఎక్కడైనా వేదిక మీది ఉపన్యాసాలకన్నా భోజనాల దగ్గరి కబుర్లే ఎక్కువ పనికొస్తాయని మా నమ్మకం.

ఇక మన సంగతి. 2006 నాటి తమిళ అభ్యాస చట్టం తర్వాత బడిలో తెలుగు చదివే పిల్లలు తగ్గుతూ వచ్చారు. తెలుగు పుస్తకం అడిగేవాళ్లు లేకపోతే కొత్తది తెప్పించడానికి లైబ్రేరియన్‌కు కారణం దొరకదు. కొత్తది లేకపోతే ఉన్న పాఠకులూ రారు. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను మాత్రం మనమూ కడుతున్నాం.

ఆగస్టు 12 రంగనాథన్ జయంతి. ఆ దగ్గరి ఆదివారం హోసూరు, కృష్ణగిరి, కావేరిపట్టణం లైబ్రరీలవాళ్లూ, ఇంట్లో పుస్తకాలు దాచుకున్న మన పెద్దలూ ఒకచోట కూర్చోవచ్చు. శాలువాలు వద్దు, ఫ్లెక్సీలు వద్దు, కాఫీ చాలు. మీ దగ్గర చివరిసారి బయటికి వెళ్లిన తెలుగు పుస్తకం ఏది, ఎవరు తీసుకున్నారు? ఈ ఒక్క ప్రశ్నతో పూట గడిచిపోతుంది. తెలుగు చదవడం రాని లైబ్రేరియన్ ఉంటే, పుస్తకాల పేర్లు తమిళంలో రాసి చీటీలు అంటించి ఇవ్వొచ్చు. తాతలు చదివి చెబితే మనవలు రాస్తారు.