బస్సు రాని వాడలు, పొగ లెక్కలు: ఉత్తర తెలంగాణ జిల్లాల రవాణా ప్రణాళిక ఎవరి కోసం?

ఈసారి బస్సుల గురించి, పొగ గురించి రాస్తున్నమంటే కొందరు మిత్రులు ముఖం చిట్లించిన్రు. భూమి, రిజర్వేషన్లు, ఆత్మగౌరవం మాట్లాడవలసిన పత్రికకు కార్బన్ లెక్కలు ఎందుకన్నరు. వాళ్ల అనుమానంలో న్యాయం ఉంది. పర్యావరణం అనే మాట మన దగ్గరికి ఎప్పుడొచ్చినా ఏదో ఒకటి వదులుకొమ్మనే వచ్చింది. అడవిల పోడు వదులుకొమ్మన్నరు, కట్టెలపొయ్యి వదులుకొమ్మన్నరు. ఇప్పుడు ప్రయాణాలు తగ్గించుకొమ్మంటే? అందుకే ఈ లెక్క మనమే వేసుకోవాలె. ఇంకొకరు వేసి మన చేతుల పెడితే అప్పుడు మనకు మిగిలేది సంతకం పెట్టుడే.

మొదట లెక్క సంగతి. బొగ్గు, డీజిల్, పెట్రోలు కాలితే వచ్చే కార్బన్ డయాక్సైడ్ భూమి మీది వేడిని బయటికి పోనియ్యదు. ఇట్లాంటివాటినే గ్రీన్‌హౌస్ వాయువులంటరు. ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల సంఘం 2022 నివేదిక ప్రకారం 2019లో ప్రపంచం మొత్తం వదిలిన ఈ వాయువుల్లో రవాణా వాటా సుమారు 15 శాతం. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తది, పెట్రోలైతే 2.3 కిలోలు. ఇది తెలిస్తే మిగిలింది ఎక్కాలే. లీటరుకు 15 కిలోమీటర్లు పోయే పెట్రోలు కారులో ఒక్కడు కూసుంటే కిలోమీటరుకు మనిషికి 150 గ్రాములు దాటుతది. 50 కిలోమీటర్లు ఇచ్చే మోటారుసైకిలు మీద ఇద్దరు పోతే తలకు 23 గ్రాములు. లీటరుకు 5 కిలోమీటర్లు నడిచే పల్లెవెలుగు బస్సులో 50 మంది ఉంటే తలకు 11 గ్రాములు. లీటరుకు 25 కిలోమీటర్లు ఇచ్చే డీజిల్ ఆటోలో పది మంది ఇరుక్కొని పోతే, వాళ్లకూ 11 గ్రాములే.

ఈ చివరి అంకె దగ్గర కొంచెం ఆగాలె. పత్తి ఏరేటందుకు, నాటేసేటందుకు పొద్దుగాల ఆటోలల్ల, ట్రాక్టర్ ట్రాలీలల్ల కుక్కుకొని పోయే మాదిగ, మాల ఆడోళ్లు ఇప్పటికే ఏ నిపుణుడూ పెట్టని లక్ష్యాన్ని దాటి ఉన్నరు. కాళ్లు చాపుకునే జాగ లేకపోవుడే వాళ్ల పొదుపు. పేదరికం చేయించే ఈ పొదుపును చూపించి జిల్లా కాలుష్యం తక్కువ ఉందని ఎవరన్న రాసుకుంటే అది మోసం. తగ్గించవలసిన పొగ వాళ్లది కాదు. వాళ్లకు రావలసింది సీటు.

అసలు వాళ్ల ప్రయాణం ప్రభుత్వ కాగితంల ఎక్కడుంది? 2011 జనగణన ఉద్యోగానికి, పనికి పోయేవాళ్ల దూరం, వాహనం వివరాలు పట్టికలుగ ఇచ్చింది. నడుస్తరా, సైకిలా, బస్సా అన్నీ ఉన్నయి. కాని ఆ పట్టికలు 'ఇతర శ్రామికుల'కు మాత్రమే. వ్యవసాయ కూలీలు అందులో లేరు. అంటే గుమస్తా ఆఫీసుకు పోవుడు ప్రయాణం, ఎల్లవ్వ పది కిలోమీటర్లు కైకిలికి పోవుడు ప్రయాణం కాదు! పాత కరీంనగర్ జిల్లా జనాభాల ఎస్సీలు సుమారు 19 శాతం. పాత ఆదిలాబాద్‌లో ఎస్సీలు, ఎస్టీలు కలిస్తే మూడో వంతు దాటుతరు. ఈ జనంల ఎక్కువ మంది బతికేది కూలితోనే. వాళ్ల రాకపోకలు లెక్కలో లేకుంట వేసే ఏ రవాణా ప్రణాళికైనా సగం జిల్లాకు వేసినట్టే. (ఇక్కడ జిల్లా అంటే మేం 2016 అక్టోబర్ 11కు ముందటి రెండు పెద్ద జిల్లాలనే అనుకుంటున్నం. విడిపోయినంక ఆఫీసులు పెరిగినయి గాని, మంచిర్యాల నుంచి కరీంనగర్ దవాఖానకు పోయే తొవ్వ మారలేదు.)

ప్రపంచంల నిపుణులు రవాణా పొగ తగ్గించే తొవ్వలు మూడు చెప్తరు. అవసరం లేని ప్రయాణం తప్పించాలె. తప్పనిదాన్ని కారు నుంచి బస్సుకు, రైలుకు, సైకిలుకు, నడకకు మార్చాలె. ఆ మిగిలిన బండిని మెరుగుపర్చాలె. వినడానికి మంచిగనే ఉన్నది. కాని 'తప్పించు' అనే మొదటి మాట మన చెవికి వేరే తీరుగ వినబడ్తది. 1901లో చిన్న పిల్లవాడు అంబేద్కర్ తండ్రిని చూడటానికి గోరేగావ్ బయల్దేరి మసూర్ స్టేషన్‌లో దిగితే, మహార్లని తెలిసినంక ఏ బండివాడూ ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయి ఇచ్చి, పిల్లలే బండి తోలుకొని పోతే బండివాడు పక్కన నడిచిండు. 1929లో చాలీస్‌గావ్‌ల టాంగావాళ్లు ఆయన్ని ఎక్కించుకోనంటే బండి తోలరాని మనిషి తోలిండు, ఆయన పడి దెబ్బలు తగిలించుకున్నడు. టికెట్ కొంటే ఎవరి పక్కనైనా కూసోనిచ్చిన మొదటి జాగల్లో బస్సు ఒకటి. దొరగడి ముందట చెప్పులు చేతబట్టుకొని నడిచిన మనిషి కొడుకు బస్సెక్కి కరీంనగర్ కాలేజీకి పోయిండు, గోదావరిఖని బొగ్గుబాయికి పోయిండు. మనకు ప్రయాణమంటే ఊరి పెత్తనం నుంచి బయటపడుడు కూడా. దవాఖాన, కాలేజీ, డిగ్రీ హాస్టలు దగ్గరికి తెచ్చి దూరం తగ్గించుమంటే ఒప్పుకుంటం. ఊర్లనే ఉండుమంటే ఒప్పుకోం.

బస్సు ఉన్నదన్నంత మాత్రాన సరిపోదని 2018 సెప్టెంబర్ 11 నాడు కొండగట్టు చెప్పింది. శనివారంపేట నుంచి జగిత్యాల పోతున్న ఆర్టీసీ బస్సు ఘాట్ రోడ్డు మీద లోయల పడి 60 మందికి పైగా చనిపోయిన్రు. ఆ బస్సులో వంద మంది దాకా ఉన్నరు. పైన వేసిన లెక్క ప్రకారం తలకు పొగ చాలా తక్కువ! అందుకే తలకు ఇన్ని గ్రాములనే కొలమానం ఒక్కటే పెట్టుకోవద్దని అంటున్నం. ఆ తొవ్వల ఇంకో బస్సు నడిచి ఉంటే డీజిల్ కొంత ఎక్కువే కాలేది.

రైలు సంగతి చూస్తే ఇక్కడి ప్రాధాన్యతలు ఇంకా తేటగ కనబడ్తయి. కాజీపేట–బల్లార్షా లైను పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగర్ మీదుగ పోతది. బొగ్గు ఎక్కువ దాని మీదనే కదులుతది. రామగుండం ఎన్టీపీసీకి గనుల నుంచి బొగ్గు తెచ్చేటందుకు సొంత రైలు మార్గమే ఉంది. కరీంనగర్ గ్రానైటు రాళ్లు రైలెక్కి కాకినాడ ఓడరేవుకు పోతయి. మరి మనుషులకు? పెద్దపల్లి–కరీంనగర్–నిజామాబాద్ లైనుకు 1993లో పీవీ నరసింహారావు పునాదిరాయి వేస్తే నిజామాబాద్ దాకా పూర్తయింది 2017లో, 24 ఏండ్లకు. ఆదిలాబాద్ పట్నం నుంచి హైదరాబాద్‌కు రైల్లో రావాలంటే మహారాష్ట్రల తిరిగి రావాలె. 2020లో కరోనా పేరు మీద ప్యాసింజర్ రైళ్లు ఆగినయి. తర్వాత అవే బండ్లు ఎక్స్‌ప్రెస్ పేరుతో నడిచి 10 రూపాయల కనీస టికెట్ 30 అయింది. మళ్లీ 10కి వచ్చింది 2024 ఫిబ్రవరిల. ఆ నాలుగేండ్లు పేదోడు రైలు దిగి ఆటో ఎక్కిండు, ఉన్నోడు మోటారుసైకిలు కొన్నడు. 'బస్సుకు, రైలుకు మార్చు' అనే సూత్రం ఇక్కడ తలకిందులు నడిచింది.

ఇగ మూడోది, బండిని మెరుగుపర్చుడు. ప్రభుత్వాలకు ఇదే ఇష్టం, రిబ్బను కత్తిరించవచ్చు. 2024లో కరీంనగర్‌ల ఎలక్ట్రిక్ బస్సులు దిగినయి. హైదరాబాద్ రోడ్డుకు నడిచే సూపర్ లగ్జరీలు. పొగ గొట్టం లేదు, మంచిదే. కాని కరెంటు ఎక్కడిది? దేశంల సగటున ఒక యూనిట్ కరెంటుకు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తది. పెద్ద బస్సు కిలోమీటరుకు ఒక యూనిట్ తాగినా 700 గ్రాములు. ఏసీ డీజిల్ బస్సు లీటరుకు మూడు కిలోమీటర్ల పైచిలుకే ఇస్తది గనుక దానితో పోలిస్తే లాభం కొంత ఉంటది. లీటరుకు 5 ఇచ్చే పల్లెవెలుగుతో పోలిస్తే లాభం లేదు, కరెంటు తీరు మారేదాకా నష్టమే. పట్నంల మాయమైన పొగ రామగుండంల, జైపూర్‌ల లేస్తది. ఓపెన్‌కాస్టు బాంబుల మోతకు ఇండ్లు నెర్రెలు పడ్డోళ్లను, బూడిద పీల్చేటోళ్లను అడిగితే ఈ 'స్వచ్ఛత' బరువెంతో చెప్తరు. రామగుండం రిజర్వాయరు నీళ్ల మీద 2022లో 100 మెగావాట్ల సోలార్ పెట్టిన్రు. పక్కనే బొగ్గు మీద 2600 మెగావాట్ల పాత కేంద్రం, దాని పొంటి 800 మెగావాట్ల కొత్త యూనిట్లు రెండు ఉన్నయి.

ఇందులో మనకు ఇంకో మెలిక ఉంది. ఎలక్ట్రిక్ బస్సులు ఆర్టీసీ కొన్నవి కావు. కంపెనీ బస్సును, డ్రైవరును పెడితే కిలోమీటరుకు ఇంత అని ఆర్టీసీ కడ్తది. 1932లో నిజాం రైల్వే 27 బస్సులతో మొదలుపెట్టిన సర్వీసు వారసత్వమే మన ఆర్టీసీ. రిజర్వేషన్ మీద డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్కులైన దళిత కుటుంబాలు ప్రతి డిపోలో ఉన్నయి. కంపెనీ డ్రైవరు కొలువుకు రిజర్వేషన్ లేదు. 2019 సమ్మెలో 48 వేల మంది 50 రోజులకు పైగా రోడ్డు మీద ఉన్నప్పుడు ప్రభుత్వం 5,100 రూట్లు ప్రైవేటుకు ఇస్తమన్నది. అప్పుడు నష్టాల పేరు చెప్పిన్రు, ఇప్పుడు పర్యావరణం పేరు చెప్తున్నరు. ఎలక్ట్రిక్ బస్సుకు మేం అడ్డం కాదు. బస్సు ఆర్టీసీది కావాలె, స్టీరింగు పట్టే చెయ్యి రోస్టరు ప్రకారం రావాలె అంటున్నం. 2024 నవంబర్ల ప్రభుత్వం ఎలక్ట్రిక్ బండ్లకు, కార్లతో సహా, 2026 డిసెంబర్ 31 దాకా రోడ్డు టాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేసింది. కారు కొనేటోనికి వదిలిన పైసలతో ఎన్ని పల్లెవెలుగులు వచ్చేవో శాసనసభల అడిగినోడు ఉన్నడా?

2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల ఆడోళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది. మా అంచనాల, ఈ రెండు జిల్లాలల్ల పొగ తగ్గించే పనికి అన్నిటికన్న దగ్గరగ వచ్చిన పథకం ఇదే, దానికి ఆ పేరు ఎవరూ పెట్టకపోయినా. కాని బస్సులు పెరగకుంట జనం పెరిగిన్రు. ఇంకో దిక్కు ఆటో తోలి బతికే మన పిల్లల గిరాకి పోయింది. వాళ్లకు ఏడాదికి 12 వేలు ఇస్తమని 2023 ఎన్నికలల్ల కాంగ్రెస్ మాటిచ్చింది. మన ఇంట్ల అక్కకు లాభం, తమ్మునికి నష్టం. ఈ చిక్కును దాచిపెట్టి రాయదల్చుకోలేదు. బస్సు రోడ్డు దాకా, ఆటో వాడ దాకా అని డిపో, ఆటో యూనియన్లు కూర్చొని రూట్లు పంచుకుంటే కొంత విప్పవచ్చు.

ఇట్లాంటి కొట్లాట మనదొక్కళ్లదే కాదు. అమెరికాల లాస్ ఏంజెలెస్ కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, రవాణా సంస్థ తెల్లవాళ్ల శివార్లకు రైలు వేసుకుంట నల్లవాళ్లు, మెక్సికన్లు ఎక్కే బస్సుల చార్జీలు పెంచింది. 1994లో బస్సు ప్రయాణికుల సంఘం వాళ్లు పౌరహక్కుల చట్టం కింద కోర్టుకు పోయిన్రు. 1996లో కోర్టు ముందు ఒప్పందం కుదిరింది: పదేండ్లపాటు చార్జీలకు హద్దు, బస్సులల్ల నిలబడే జనానికి హద్దు, కొత్త బస్సులు. అదే కాలిఫోర్నియా రాష్ట్రం 2008ల ఒక చట్టం చేసి, ప్రాంతీయ రవాణా ప్రణాళికలు కార్ల పొగను ఎంత తగ్గిస్తయో లెక్క చూపాలన్నది. పొగ లెక్క కన్న పన్నెండేండ్ల ముందే బస్సెక్కేటోళ్ల హక్కు కాగితం మీదికి వచ్చింది. ఆ వరుస మాకు నచ్చింది.

మన దగ్గర చట్టం లేదా? ఉంది. రాజ్యాంగంల 243 జెడ్‌డి అధికరణం ప్రతి జిల్లాకు ప్రణాళికా సంఘం ఉండాలంటది. సభ్యులల్ల అయిదింట నాలుగొంతులకు తక్కువ కాకుంట జిల్లా పరిషత్తు, మున్సిపాలిటీల సభ్యులు తమల తాము ఎన్నుకున్నోళ్లే ఉండాలె. మౌలిక సదుపాయాలు, పర్యావరణ రక్షణ రెండూ ఆ ప్రణాళికలో చూడాలని అదే అధికరణం చెప్తది. రోడ్లు ఒక శాఖకు, బస్సు ఇంకో సంస్థకు, పర్మిట్లు మరో ఆఫీసుకు పంచి పెట్టినంక ఈ రెండింటిని కలిపి చూసే జాగ ఆ సంఘం ఒక్కటే. 2024ల మొదట పంచాయతీల, తర్వాత జిల్లా పరిషత్తుల గడువు తీరి పెత్తనం ఎన్నిక కాని అధికారుల చేతికి పోయింది. 1988 మోటారు వాహనాల చట్టం 99వ సెక్షన్ బస్సు సర్వీసు సమర్థంగ, సరిపోయేంత, చవకగ, పొందికగ ఉండాలంటది. 'సరిపోయేంత' అనే మాట మీద దండోరా వేయవచ్చు. ఉట్నూరు, తిర్యాణి దిక్కు గూడేలకు రోడ్డంటే అడవి అడ్డమంటరు. 2006 అటవీ హక్కుల చట్టం 3(2) సెక్షన్ గ్రామసభ సిఫారసు ఉంటే హెక్టారుకు తక్కువ జాగల, హెక్టారుకు 75 చెట్లు మించకుంట రోడ్డు వేయనిస్తది. ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళికకు బదులు 2017ల వచ్చిన ప్రత్యేక అభివృద్ధి నిధి పైసలు ఏ రోడ్డు కింద రాసిన్రో, ఆ రోడ్డు వాడ దాకా వచ్చిందో, ఊరి నడుమ ఆగిందో సమాచార హక్కు కింద అడగవచ్చు.

ఈ పని మొదలుపెట్టే సంఘాలు ముందుగ ఒక నోటుబుక్కు తీసుకోవాలె. మీ వాడ నుంచి ఒక వారం ఎవరు ఎక్కడికి పోయిన్రు, ఏ బండి మీద, ఎంత కిరాయి, ఎంతసేపు నిలబడ్డరు అని రాయుండ్రి. కైకిలికి పోయినోళ్లను మొదట రాయుండ్రి. చివరి బస్సు ఎన్ని గంటలకో, వాడ నుంచి స్టేజీ ఎంత దూరమో కూడా పక్కన వేయుండ్రి. పత్తి ఏరే నెలల్లో ఒకసారి, ఎండకాలంల ఒకసారి చేస్తే మంచిది, రెండు కాలాల తొవ్వలు వేరు. ఆ లెక్కలు మాకు పంపితే ఊరి పేర్లతో అచ్చేస్తం.