కుట్టు మిషన్ సర్వీసింగ్ ఖర్చు తగ్గాలంటే

కుట్టు మిషన్ సర్వీసింగ్ బిల్లులో మూడు ఖర్చులుంటాయి: మెకానిక్ ఇంటికి వచ్చినందుకు, విప్పి శుభ్రం చేసి సరిచేసినందుకు, మార్చిన విడిభాగాలకు. పని మొదలుపెట్టకముందే ఈ మూడూ విడివిడిగా అడుగుతాను. తీసిన పాత భాగాలు కూడా చూపించమంటాను.

అసలు మెకానిక్‌ను పిలిచేముందే నాలుగు పనులు చేస్తాను. మొదట సూది మారుస్తాను. మొన అరిగినా, సూది వంగినా కుట్లు తప్పుతాయి. పల్చటి బట్టకు 11 నంబరు, మామూలు నూలు బట్టకు 14, జీన్సుకు 16 సరిపోతాయి. తర్వాత పాదం పైకెత్తి పై దారం మళ్లీ ఎక్కిస్తాను. పాదం ఎత్తితేనే దారం టెన్షన్ బిళ్లల మధ్యకు దిగుతుంది. బట్ట కింద దారం ముద్దకడుతుంటే చాలాసార్లు తప్పు పై దారానిదే. పళ్ల కింద, బాబిన్ కేస్ చుట్టూ చేరిన నూగును బ్రష్‌తో తీస్తాను. చివరగా నూనె రంధ్రాల్లో మిషన్ ఆయిల్ ఒక్కో చుక్క వేస్తాను.

కొబ్బరినూనె మాత్రం వద్దు. చలికి గడ్డకడుతుంది, రానురాను జిగురై చక్రం బిగుసుకుంటుంది. దాన్ని వదిలించాలంటే మిషనంతా విప్పాల్సిందే. కూలి పెరిగేది అక్కడే.

ఇవన్నీ చేసినా కుట్టు కుదరకపోతే, మోటారు నుంచి కాలిన వాసన వస్తే మెకానిక్‌ను పిలవాల్సిందే.

ఇంట్లో బ్లౌజులు కుట్టి సంపాదించుకునేవారికి మిషన్ మూలన పడ్డ రోజుల రాబడి కూడా నష్టమే. అందుకే పండగలు, పెళ్లిళ్ల గిరాకీ మొదలవకముందే సర్వీసింగ్ చేయించుకోవడం మేలు.