ఫోర్‌వీల్ డ్రైవ్ కారు: మన ఇంటికి, మన దారికి ఏది తగినది?

బళ్ళారి ప్రాంతపు నల్లరేగడి బాటలు, కోరాపుట్, రాయగడ ఘాట్ రోడ్లు, సిరొంచ అడవి దారులు వానకాలంలో ఎట్లుంటాయో అక్కడివారికి చెప్పనక్కరలేదు. కాన్పు మనిషిని ఆసుపత్రికి తీసుకుపోవలసిన రాత్రి బండి బురదలో దిగబడితే కలిగే ఆందోళన అనుభవించినవారికే తెలుస్తుంది. అందుచేత మన కుటుంబాలు ఫోర్‌వీల్ డ్రైవ్ కారు వైపు చూడడం సహజమే. అయితే పన్నెండు లక్షలకు పైబడిన సొమ్ము వెచ్చించే ముందు ఇంట్లో ఎందరున్నారు, దారి ఎటువంటిది, మొత్తం ఖర్చు ఎంత అన్న మూడు విషయాలను ఇదే వరుసలో విచారించడం మేలు.

ఇది ఎలా పనిచేస్తుంది?

సాధారణ కారులో ఇంజను శక్తి ముందు జతకో, వెనుక జతకో మాత్రమే చేరుతుంది. ఆ జతలో ఒక చక్రం బురదలో జారితే శక్తి దాని తిరుగుడుకే ఖర్చవుతుంది, బండి కదలదు. ఫోర్‌వీల్ డ్రైవ్‌లో శక్తి రెండు జతలకూ అందుతుంది గనుక, ఒక జత జారినా రెండవది బండిని లాగగలదు.

మారుతి జిమ్నీ, మహీంద్రా థార్ కార్లలో దీనిని అవసరమైనప్పుడు మాత్రమే కలుపుకోవాలి. లోతు బురదకు, నిట్టనిలువు ఎత్తుకు ప్రత్యేకమైన తక్కువ వేగపు గేరు కూడా ఉంటుంది. ఎండిన తారురోడ్డు మీద దీనిని వాడరాదు. మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరగాలి. రెండు జతలు బిగిసి ఉంటే ఆ తేడా సర్దుకోక టైర్లు, గేర్లు అరిగిపోతాయి.

మారుతి గ్రాండ్ విటారా, దాని జంట టయోటా హైరైడర్ కార్ల ఆల్‌వీల్ డ్రైవ్ రకాల్లో ఈ మార్పు తనంతట తానే జరుగుతుంది. కానీ తక్కువ వేగపు గేరు లేదు. తడిసిన ఘాట్ రోడ్డుకు ఇవి చాలును; మోకాలిలోతు బురదకు చాలవు.

కుటుంబానికి అనువు

2023 జూన్‌లో వచ్చిన అయిదు తలుపుల జిమ్నీలో సీట్లు నాలుగే. వెనుక సీట్లు నిలిపి ఉంచితే డిక్కీ 208 లీటర్లు మాత్రమే. రెండు సంచులతోనే నిండిపోతుంది. మైలేజీ లీటరుకు 16.94 కిలోమీటర్లని కంపెనీ లెక్క. బురదలో, ఘాట్‌లో అంత రాదు. 2020 నాటి థార్‌లోనూ సీట్లు నాలుగే. పైగా వెనుక తలుపులు లేవు. ముందు సీటు వంచి లోనికి దూరవలసిందే. మోకాళ్ళ నొప్పులున్న అవ్వకు, తాతకు ఇది పెద్ద కష్టం. 2024లో వచ్చిన థార్ రాక్స్‌లో అయిదు సీట్లు, వెనుక తలుపులు ఉన్నాయి. కానీ పొడవు నాలుగు మీటర్లు దాటింది. గ్రాండ్ విటారా కూడా అంతే. అయితే ఎక్కి దిగడం దానిలో సులువు.

భద్రత

నక్షత్రాలు చూసేటప్పుడు పరీక్ష జరిగిన సంవత్సరం కూడా చూడాలి. థార్‌కు 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ నాలుగు నక్షత్రాలిచ్చింది. అవి పాత నిబంధనల ప్రకారం వచ్చినవి. థార్ రాక్స్‌కు 2024లో భారత్ ఎన్‌క్యాప్ అయిదు నక్షత్రాలిచ్చింది. ఆ నిబంధనలు మరింత కఠినమైనవి. జిమ్నీకి 2018లో యూరప్‌లో వచ్చిన మూడు నక్షత్రాలు అక్కడి మూడు తలుపుల రకానివి. కావున ఈ మూడింటిని పక్కపక్కన పెట్టి లెక్కించడం సరికాదు. జిమ్నీలోను, రాక్స్‌లోను అన్ని రకాలకూ ఆరు ఎయిర్‌బ్యాగులున్నాయి. చౌకగా దొరుకుతుందని పాత జిప్సీ కొనేవారు అందులో ఎయిర్‌బ్యాగులు లేవని గుర్తుంచుకోవాలి.

మరొక మాట. ఫోర్‌వీల్ డ్రైవ్ బండిని కదిలిస్తుందే గాని త్వరగా ఆపదు. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకే ఉంటాయి. పారే వాగులో దిగే ధైర్యాన్ని కూడా ఇది ఇవ్వరాదు. థార్ 650 మిల్లీమీటర్ల నీటిలో నడుస్తుందని కంపెనీ చెప్పినా, ప్రవాహం అంతకంటే తక్కువ లోతులోనే కారును నెట్టుకుపోగలదు.

ధర, పన్ను

ఎక్స్‌షోరూం ధర జిమ్నీకి 2023లో 12.74 లక్షలు, గ్రాండ్ విటారా ఆల్‌వీల్ డ్రైవ్‌కు 2022లో 16.89 లక్షలు, రాక్స్ ఫోర్‌వీల్ డ్రైవ్‌కు 2024లో 18.79 లక్షల నుండి మొదలైంది. తర్వాత ఇవి మారాయి గనుక షోరూంలో తాజా ధర అడగాలి.

2025 సెప్టెంబర్ 22 నుండి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు లేదా 1500 సీసీ లోపు డీజిలు ఇంజను ఉన్న కార్లకు జీఎస్టీ 18 శాతం. అంతకు మించితే 40 శాతం. జిమ్నీ పొట్టిదే అయినా ఇంజను 1462 సీసీ పెట్రోలు గనుక 40 శాతం తప్పదు. థార్ 1500 సీసీ డీజిలు రకానికి 18 శాతమే, కానీ అది టూవీల్ డ్రైవ్. బయటికి ఒకేలా కనిపించే బండ్లు గనుక "ఇది ఏ డ్రైవ్?" అని స్పష్టంగా అడగాలి.

జీవితకాల పన్ను రాష్ట్రానికొక తీరు. కర్ణాటకలో పది నుండి ఇరవై లక్షల కారుకు 17 శాతం, ఉపకరం అదనం. అంటే 13 లక్షల కారుకు రెండు లక్షల ఇరవై వేలకు పైనే. యానాంలో పన్ను తక్కువని అక్కడి బంధువుల చిరునామాతో రిజిస్టరు చేయించే ఆలోచన కొందరికి వస్తుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను ప్రకారం బండి మరొక రాష్ట్రంలో పన్నెండు నెలలు మించి ఉంటే అక్కడ తిరిగి రిజిస్టరు చేయించాలి. తప్పుడు చిరునామా నేరం కూడా. కాబట్టి ఆ లాభం నిలవదు.

మా సలహా

ఇంటి ముంగిటి వరకు తారో, సిమెంటో ఉన్నవారికి నేల నుండి ఎత్తుగా ఉండే టూవీల్ డ్రైవ్ కారు, మంచి టైర్లు చాలును. మిగిలిన సొమ్ము పిల్లల చదువుకు వస్తుంది. ఏటా వానకాలమంతా బురదదారే గతి అయినవారిలో నలుగురి కుటుంబానికి జిమ్నీ, వృద్ధులు, పిల్లలు కలిసిన అయిదుగురికి స్తోమతను బట్టి రాక్స్ తగినవి. ఏది కొనదలచినా ఇంట్లో పెద్దవారిని షోరూంకు తీసుకువెళ్ళి, వెనుక సీటులో ఎక్కించి, దింపి చూసిన తర్వాతే అడ్వాన్సు కట్టండి.