చేనికిని మనిషికిని మెగ్నీషియము

పత్తిచేలలో ముదురాకుల ఈనెలు పచ్చగా నుండి, నడిమిభాగము ఎఱ్ఱవాఱుట రైతు సోదరు లెఱిగినదే. ఇది పలు తావుల మెగ్నీషియము లోపమువలన కలుగును. లీటరు నీటికి 10 గ్రాముల మెగ్నీషియము సల్ఫేటు కలిపి చల్లుడని మేము చెప్పుచుందుము. ఆకునకు పచ్చదనము నిచ్చు పదార్థపు నడుమ నున్న లోహ మిదియే. పైరు సంగతి యింతగా విచారించు మనము, ఆ పైరును తినెడి మనుష్యుల సంగతి విచారించుట తక్కువ.

ఎదిగిన మనిషి దేహమున నిది సుమారు 25 గ్రాములు, అనగా రెండు తులములకు కొంచెము పైగా నుండును. సగమునకు మించి యెముకలలోను, తక్కినది చాలవఱకు కండలు మున్నగువానిలోను నుండును. రక్తమందు నూటికి ఒక వంతైనను లేదు. కావున రక్తపరీక్షలో సరిగా నున్నను దేహమున లోటుండవచ్చును. లోటు ముదిరినచో నీరసము, పిక్కలు పట్టుట, వణకు, గుండె లయ తప్పుట కలుగును. మధుమేహము గలవారికి మూత్రముతో నిది హెచ్చుగా పోవును. విడువని విరేచనములు, త్రాగుడు, కడుపుమంటకై యేండ్ల తరబడి మ్రింగు కొన్ని మాత్రలు కూడ దీనిని తఱుగజేయును.

ఇది గల ఆహారము బాగుగా తినువారికి మధుమేహము తక్కువగా వచ్చుచున్నదని పరిశోధకులు కనుగొనిరి. ఆ మేలు మెగ్నీషియముదేనా, ఆ యాహారమంతటిదా యని విడదీసి చెప్పుట కష్టము. ఎట్లైనను తినవలసిన దొక్కటే గదా!

మనము దీనిని పోగొట్టుకొనుచున్నది బియ్యపు మరలో. 100 గ్రాముల ముడిబియ్యమున 90 మిల్లీగ్రాములకు పైగా నుండగా, తెల్లగా పట్టించిన బియ్యమున సుమారు 20 మాత్రమే మిగులును. తక్కినది తవుడుతో గేదెల కుడితిలోనికి పోవుచున్నది. పురుషునకు దినమునకు దాదాపు 400 మిల్లీగ్రాములు కావలయును. రాగులు, జొన్నలు, సజ్జలలో 100 గ్రాములకు 120కి తక్కువ లేదు. పెసలు, మినుములు, నువ్వులు, వేరుసెనగ, తోటకూర కూడ మంచివి.

మాత్రల విషయమున మాత్రము జాగ్రత్త వలయును. మూత్రపిండములు చెడినవారి దేహము హెచ్చు మెగ్నీషియమును వెడలగొట్టలేదు. అది రక్తమున పేరుకొని ప్రాణాపాయము తేగలదు. ఉద్దానము వంటి ప్రాంతములవారు వైద్యుని యడుగక యీ మాత్రలు ముట్టరాదు. శుద్ధిచేసిన మెగ్నీషియము సల్ఫేటును గర్భిణులకు గుఱ్ఱపువాతము రాకుండ సూదిమందుగా నిత్తురు. 33 దేశములలో పదివేలమంది స్త్రీలపై జరిపి 2002లో ప్రకటించిన పరీక్షలో, ఆ మందువలన గుఱ్ఱపువాతము సగమునకు మించి తగ్గెను. అది ఆసుపత్రి పని. చేలలో చల్లుటకు కొన్న సంచిలోని యుప్పును ఎవ్వరును నోట వేసికొనరాదు.

ముడిబియ్యము ఒక్కమాఱుగా అలవాటు కాదు. మొదట ఒంటిపట్టు బియ్యము పట్టించుకొని, వారమున రెండు మూడు పూటలు రాగిసంకటియో జొన్నరొట్టెయో వండుకొనుట మేలని మా యభిప్రాయము. తవుడులో నూనె యుండుటచే నట్టి బియ్యము త్వరగా ముక్కవాసన కొట్టును. కావున ఏడాదికి సరిపడ నొకేసారి పట్టింపక, వడ్లు గాదెలోనే యుంచి నెలకు కావలసినంత మాత్రమే మరకు పంపుకొనవలయును.